మా అక్కకి ఏం చెప్పమంటారు?

రాత్రిబండి (గోపాలపట్నం)

నైట్ డ్యూటీలో ఉన్నాను. పని లేదు, నిద్రా రావడం లేదు. అందుకే రాస్తున్నాను. పొడుగైపోతే తిట్టుకోకండి.

మా అక్క కొడుకు పోయి ఏడాది దాటి నాలుగు నెలలయింది. తొమ్మిదేళ్ళవాడు. రక్తకేన్సర్. డాక్టర్లు ఏ.ఎల్.ఎల్. అంటారు. చదువు రాని మా అమ్మకి కూడా ఆ మూడక్షరాలు నోటికి వచ్చేశాయి. రెండున్నరేళ్ళు మందులు వాడాలన్నారు, ఏడాదిన్నర వాడాం. మధ్యలో బాగా కోలుకున్నాడు. జుట్టు మళ్ళీ వచ్చింది, స్కూలుకి కూడా కొన్నాళ్ళు వెళ్ళాడు. తర్వాత తిరగబెట్టింది. మాఘమాసంలో పోయాడు.

ఇప్పుడు ఆషాఢ పౌర్ణమి వస్తోంది. సింహాచలం గిరిప్రదక్షిణ. అక్క బాబు కోసమే రెండేళ్ళ కింద నడిచింది. అమ్మ మొన్న, "ఈసారి అందరం నడుద్దాం, మనసు కుదుటపడుతుంది" అంది. అక్క ఏడవలేదు, అరవలేదు. "ఎందుకో ఒక్కటి చెప్పమ్మా, వస్తాను" అంది. అమ్మ నా మొహం చూసింది. నేను ఫోన్ చూసుకున్నాను.

బాబు పోయిన దగ్గర్నుంచి అక్క దీపం పెట్టడం లేదు. ఈలోగా చుట్టాలు చెప్పిన మాటలు ఇన్నీ అన్నీ కావు. ఇష్టమైనవాళ్ళని దేవుడు బేగి తీసుకుపోతాడని ఒకరు. ఋణం తీరిపోయిందని ఒకరు. పదకొండో రోజున మా దూరపు పిన్ని అయితే "పోయిన జన్మలో ఏ తల్లికి కడుపుకోత పెట్టామో" అని భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అంది. అక్క చేతిలో సాంబారు గిన్నె ఉంది. వడ్డించేసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను పెద్ద భక్తుణ్ణి కాదు, నాస్తికుణ్ణీ కాదు. బండి స్టార్ట్ చేసేముందు దణ్ణం పెట్టుకునే టైపు. మీలో చదువుకున్నవాళ్ళు ఉన్నారు. దేవుడుంటే తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇదేంటి? మా అక్కకి నేను ఏం చెప్పాలి?


కొండగుడి (అడవివరం)

బాబూ, ముందుగా మీ అక్కగారికి నా నమస్కారం. నేను రిటైరైన సంస్కృతం మాస్టారిని. నాకు తెలిసింది చెబుతాను, పనికొస్తే తీసుకోండి.

మీరడిగింది మన పెద్దలు అడగని ప్రశ్న కాదు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం ఇదే. "వైషమ్యనైర్ఘృణ్యే న, సాపేక్షత్వాత్." లోకంలో ఒకడు సుఖపడుతున్నాడు, ఒకడు ఏడుస్తున్నాడు. మరి దేవుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా అని ఆక్షేపణ. అంటవు, ఎందుకంటే ఆయన జీవుల కర్మను బట్టే ఇస్తాడు అని సమాధానం. శంకరులు దీనికి వాన పోలిక చెప్పారు. వాన అన్ని చేలలోనూ ఒకేలా పడుతుంది. వరి వేసినచోట వరి, యవలు వేసినచోట యవలు మొలుస్తాయి. తేడా విత్తనానిది, వానది కాదు.

మరి మొట్టమొదటి జన్మలో కర్మ ఎక్కడిది అని అడగొచ్చు. తర్వాతి సూత్రం అదే అడిగి, సంసారం అనాది, దానికి మొదలు లేదు అంటుంది.

ఇది శాస్త్రం. భోజనాల దగ్గర మీ పిన్నిగారు అన్నది శాస్త్రం కాదు, నోటి దురద.


హేతువు (అక్కయ్యపాలెం)

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ మీరు చెప్పిందీ ఆ పిన్నిగారు చెప్పిందీ ఒకటే. ఆవిడ సాంబారు దగ్గర తెలుగులో అంది, మీరు సూత్రం నంబరు వేసి సంస్కృతంలో అన్నారు.

రాత్రిబండి గారూ, మీది గోపాలపట్నం కదా. 2020 మే 7 మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున మూడింటికి ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరిన్ అనే రసాయనం ఉన్న ట్యాంకు వేడెక్కి ఆవిరి బయటికొచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తి రోడ్డు మీద పడిపోయారు. 12 మంది పోయారు. పశువులు పోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. అంతమంది కర్మ ఒకే ట్యాంకులో ఎలా చేరింది? చల్లగా ఉంచాల్సిన ట్యాంకుని చల్లగా ఉంచకపోతే అదే అవుతుంది. కర్మ అంటే కేసు అక్కడితో మూసేసినట్టే.

ఇంకోటి చెబుతాను, ఎవరూ తప్పుగా అనుకోకండి. 2025 ఏప్రిల్ 30, సింహాచలంలో చందనోత్సవం. ఏడాదికి ఒక్కరోజే కనిపించే నిజరూప దర్శనం కోసం రాత్రంతా క్యూలో నిలబడ్డ జనం. వాన పడింది. కొత్తగా కట్టిన గోడ కూలింది. ఏడుగురు చనిపోయారు. సినిమా హాలు క్యూలో కాదు, స్వామి క్యూలో. 1755 నవంబరు 1న పోర్చుగల్ లిస్బన్‌లో భూకంపం వచ్చినప్పుడూ ఇంతే. సర్వపునీతుల పండగ, జనం చర్చీల్లో ఉన్నారు, ఆ చర్చీలే మీద పడ్డాయి. ఈ లోకమే ఉండగలిగినవాటిలో మేలైన లోకమని అంతకుముందు 1710లో లైబ్నిజ్ అనే జర్మన్ తత్త్వవేత్త రాశాడు. లిస్బన్ తర్వాత ఆ మాట అనడానికి యూరప్‌లో చాలామందికి నోరు రాలేదు.

పాత ప్రశ్నే. ఆపాలని ఉండి ఆపలేకపోతే ఆయనకు శక్తి లేదు. ఆపగలిగీ ఆపకపోతే జాలి లేదు. రెండూ ఉంటే ఆ పిల్లాడు ఎందుకు పోయాడు? మీ అక్కకి చెప్పాల్సింది ఒక్కటే. "ఎవరూ చెయ్యలేదక్కా. ఎవరి తప్పూ కాదు. కణం విడిపోయేటప్పుడు పొరపాటు జరిగింది, అంతే."


పాత_స్టీల్ (కూర్మన్నపాలెం)

హేతువు గారూ, మీరు చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ బిడ్డ పోయిన తల్లి దగ్గరికెళ్ళి "కణంలో పొరపాటు" అంటే గిన్నె ఈసారి మీ మీద పడుతుంది.


కొండగుడి (అడవివరం)

హేతువు గారికి. సూత్రం నంబరు వేసినది గొప్పకి కాదు, ఎవరైనా తీసి చూసుకుంటారని. ఇక గోడ గురించి. గోడ నాణ్యత చూడనివాడిది పాపమే, కేసూ కావాలి, శిక్షా కావాలి. కర్మ సిద్ధాంతం పోలీసులను వద్దనలేదు.


హేతువు (అక్కయ్యపాలెం)

మరి మీ వాన పోలిక? వానకి కళ్ళు లేవు, చెవులు లేవు, ఎవరి చేను ఎండుతోందో తెలీదు. దేవుడు వానలాంటివాడైతే మొక్కడం ఎందుకు? వానకి ఎవరైనా మొక్కుతారా?


కొండగుడి (అడవివరం)

మొక్కుతారు నాయనా. వరుణజపం చేస్తారు. మా చిన్నప్పుడు కప్పలకి పెళ్ళి కూడా చేసేవారు.


పాత_స్టీల్ (కూర్మన్నపాలెం)

😄 మాస్టారు సిక్స్ కొట్టారు.


మూడుకొండలు (పాతపోస్టాఫీసు)

మాది వన్‌టౌన్. హార్బర్ దగ్గర మూడు కొండలు మీకు తెలుసుగా, ఒకదానిమీద మేరీమాత గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద వెంకటేశ్వరస్వామి. మేం మొదటి కొండవాళ్ళం. హార్బర్‌లోకి వచ్చే ఓడకి మూడూ కనిపిస్తాయి. ఎప్పుడు ఏ పడవ మునిగినా మూడు కొండలవాళ్ళూ ఏడ్చారు.

మా బైబిల్లో యోబు అని ఒకాయన ఉన్నాడు. మంచివాడు. ఒక్కరోజులో ఆస్తి పోయింది, పదిమంది పిల్లలు పోయారు, తర్వాత ఒళ్ళంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు పరామర్శకి వచ్చారు. వచ్చి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఆయన పక్కన నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకూ బాగానే ఉంది. ఎనిమిదో రోజున నోరు తెరిచారు. నువ్వేదో తప్పు చేసి ఉంటావు, దేవుడు ఊరికే శిక్షించడు, ఒప్పుకో అని మొదలుపెట్టారు. అచ్చం మన చుట్టాలే. యోబు మాత్రం దేవుడితోనే గొడవపడ్డాడు, నా నేరం ఏంటో చూపించు అని. చివర్లో దేవుడు ఎవరిమీద కోప్పడ్డాడో తెలుసా? తనతో గొడవపడ్డవాడి మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద.

యేసు ప్రభువు దగ్గర కూడా శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా వీడి అమ్మానాన్నా అని అడిగారు. ఇద్దరూ కాదన్నాడాయన.

అయితే యోబుకి కూడా "ఎందుకు" అన్నదానికి జవాబు దొరకలేదు. అది నేను దాచను. మా పాస్టరు గారిని అడిగితే ఆఖర్న మళ్ళీ పదిమంది పిల్లలు పుట్టారు కదా అంటారు. ఆ సంగతి మీ అక్కకి మాత్రం చెప్పకండి. ఒక బిడ్డ పోతే ఇంకో బిడ్డ లెక్క సరిపోయేది కాదు.


దర్గా_దారి (వన్‌టౌన్)

మూడుకొండలు అన్నా, రెండో కొండ నుంచి సలాం.

మా ప్రవక్త గారికి ఇబ్రహీం అని కొడుకు. ఇంకా పాలు తాగే వయసులో చనిపోయాడు. ఆయన కంట నీళ్ళు పెట్టుకుంటే పక్కవాళ్ళు మీరు కూడా ఏడుస్తారా అని ఆశ్చర్యపోయారు. ఇది కరుణ అన్నారాయన. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. జనం ఇబ్రహీం పోయినందుకే గ్రహణం అన్నారు. వేరే ఎవరైనా అయితే ఔననేవారు. ఆయన మాత్రం, ఎవరి చావుకోసమూ ఎవరి పుట్టుకకోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదు అన్నారు. నాకు ఆ మాట చాలా ఇష్టం.


వేదిక పెద్ద

ఒక సభ్యుడు మతమార్పిడి గురించి పెట్టిన పోస్టు తీసేశాను. ఇక్కడ ఒక ఇంటి బాధ నడుస్తోంది. ఆ గొడవకి వేరే చర్చ తెరుచుకోండి.


వార్డు_సిస్టర్

పిల్లల వార్డులో పదహారేళ్ళుగా చేస్తున్నాను, ఎక్కడో చెప్పను. మీరంతా దేవుడి గురించి రాస్తున్నారు. నేను తల్లుల గురించి రాస్తాను.

నా అనుభవంలో ఏ తల్లీ "దేవుడు ఉన్నాడా" అని అడగదు. "నేనేం తప్పు చేశాను" అని అడుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కూర కోశాను సిస్టర్ అంటుంది ఒకామె. మొక్కు మర్చిపోయాను అంటుంది ఒకామె. జ్వరం వచ్చిన మొదటివారం ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి ఊరుకున్నాను, అందుకే ముదిరిపోయింది అంటుంది ఇంకొకామె. వీటిల్లో మూడోదానికి మాత్రం కొంచెం అర్థం ఉంది, మిగతావాటికి లేదు. కానీ తల్లికి మూడూ ఒకటే బరువు.

రాత్రిబండి తమ్ముడూ, మీ అక్క "ఎందుకో చెప్పు" అన్నది కదా. అది దేవుణ్ణి అడిగిన ప్రశ్న అని మీరు అనుకుంటున్నారు. నాకు అనుమానం. ఆవిడ లోపల ఇంకేదో పెట్టుకుని ఉంది. ఒకసారి పక్కన కూర్చుని మెల్లిగా అడిగి చూడండి. జవాబు పట్టుకుని వెళ్ళకండి.


తొట్లకొండ (భీమిలి రోడ్డు)

కిసాగోతమి కథ చెప్పొచ్చు. చనిపోయిన బిడ్డని ఎత్తుకుని వస్తే బుద్ధుడు, చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి, అటువంటి ఇల్లు లేదని తెలుసుకుంటుంది. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ కింద భిక్షువులు ఉన్న గదుల పునాదులు ఇంకా ఉన్నాయి. సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. అక్కని తీసుకెళ్ళండి.


రాత్రిబండి (గోపాలపట్నం)

అందరికీ థాంక్స్. ఇంతమంది రాస్తారనుకోలేదు.

ఆవాల కథ అక్కకి ముందే తెలుసు. ఎవరో వాట్సాప్‌లో పంపారట, పసుపురంగు బుద్ధుడి బొమ్మతో సహా. "ఊరంతా చచ్చిపోతే నా కొడుకు బతికొస్తాడా" అంది.

మూడుకొండలు గారి యోబు సంగతి చెప్పాను. స్నేహితులు ఏడు రోజులు ఊరుకున్నారన్న దగ్గర, "ఎనిమిదో రోజు కూడా ఊరుకోవలసింది" అని కొంచెం నవ్వింది. చాలా రోజులకి.

హేతువు గారి కణం సంగతి కూడా చెప్పాను సార్. గిన్నె పడలేదు గానీ, "అయితే డాక్టర్లు ఏటి చేసినట్టు?" అంది. ట్రీట్‌మెంట్ అంతా వేస్ట్ అనుకుంటోంది. వెన్నులోకి ఆ పసుపుపచ్చ మందు ఎక్కించేటప్పుడు వాణ్ణి తనే గట్టిగా పట్టుకునేది. అంత ఏడిపించి ఏం లాభం అని.


హేతువు (అక్కయ్యపాలెం)

ఆ పసుపుపచ్చ మందు మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది. దాని గురించి నాలుగు ముక్కలు రాస్తాను. దేవుడికి సంబంధం లేదు, కాబట్టి నాకు కొంచెం తెలుసు.

1948కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు మందే లేదు. వారాల్లో, నెలల్లో పోయేవారు. డాక్టర్లు వార్డు చివరి మంచం ఇచ్చి ఊరుకునేవారు. మన యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినాయన, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపేవాడు. ఆయన అన్న స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయాడు. ఆ దెబ్బ ఈయన మర్చిపోలేదు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందం 1945లో తయారుచేసింది. తర్వాత తమాషా ఏమిటంటే, ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తకేన్సర్ కణాలు ఇంకా రేగుతున్నాయని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల ఆసుపత్రి డాక్టరు గమనించాడు. అయితే దాన్ని అడ్డుకునే మందు కావాలి. అదీ సుబ్బారావు బృందమే చేసిచ్చింది, అమినోప్టెరిన్. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తగ్గింది. కొన్ని నెలలే. మళ్ళీ వచ్చింది. కానీ ఈ జబ్బు తగ్గడం అనేది ప్రపంచం చూడటం అదే మొదలు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువు.

ఆ పదిమందీ బతకలేదు. వాళ్ళ తల్లులు కూడా "అంత ఏడిపించి ఏం లాభం" అనుకునే ఉంటారు. ఇవాళ బాగా వైద్యం అందే దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకడం లేదు. ఆలస్యంగా గుర్తించడం, డబ్బులేక మధ్యలో ఆపేయడం, ఇన్ఫెక్షన్లు కారణం. ఆ తేడా ఉందే, దానికి మాత్రం దేవుణ్ణి అడగక్కర్లేదు, మనల్ని మనమే అడగొచ్చు.

అక్కగారికి ఇది ఓదార్పు అవుతుందని అనను. వాణ్ణి పట్టుకోవడం వేస్ట్ కాదు అని మాత్రం చెప్పండి. మధ్యలో జుట్టు వచ్చింది, స్కూలుకెళ్ళాడు అన్నారే, అది ఆ మందే ఇచ్చింది.


కొండగుడి (అడవివరం)

హేతువు గారు బాగా రాశారు. ఒక్కటి మాత్రం వదిలేశారు, తెలిసి వదిలారో తెలియక వదిలారో. సుబ్బారావు గారు మొదట రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసి అవుదామనుకున్నారు. వాళ్ళే, వైద్యం చదువు నాయనా అని పంపారు.


హేతువు (అక్కయ్యపాలెం)

తెలిసే వదిలేశాను 🙂


కొండగుడి (అడవివరం)

ఔదార్యం. ఇప్పుడు నా వంతు. మొదటి రోజు నేను సూత్రం చెప్పి ఉండకూడదు. అది పండితులు ఒకరితో ఒకరు వాదించుకోవడానికి పుట్టింది. ఎదుటివాడి కష్టానికి కొలబద్దగా పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. నా భార్య కూడా చదివి "మీరు కూడానా" అంది.

మా ఊరి స్వామి గురించే ఒక సంగతి చెబుతాను. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి అని ఉండేవాడు. దండు వచ్చి సింహాచలం మీద పడబోతోంది. జనం పారిపోతున్నారు. ఈయన స్వామి ఎదుట కూర్చుని శతకం మొదలుపెట్టాడు. పొగడ్త కాదు, తిట్లు. ఇంత జరుగుతుంటే రాయిలా కూర్చున్నావేమయ్యా, నీ నరసింహత్వం ఏమైంది, హిరణ్యకశిపుడి మీద చూపిన కోపం ఇప్పుడెక్కడ పెట్టావు అని ఎత్తిపొడుపులు. తర్వాత కొండలోంచి తుమ్మెదలు లేచి దండుని తరిమాయని చెప్పుకుంటారు. తుమ్మెదల సంగతి హేతువు గారు ఒప్పుకోరు, నేనూ పట్టుబట్టను. కానీ ఆ తిట్ల శతకాన్ని ఎవరూ తగలబెట్టలేదు, పారేయలేదు. భక్తి పుస్తకాల్లోనే ఉంచి ఇప్పటికీ చదువుతున్నారు.

రామదాసు గోల్కొండ చెరసాలలో చేసిందీ అదే. కాబట్టి అమ్మాయి దీపం పెట్టకపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడకండి. ఆయనకి ఇది కొత్త కాదు.


మూడుకొండలు (పాతపోస్టాఫీసు)

మాస్టారూ, యోబుకీ మీ కవిగారికీ చుట్టరికం ఉన్నట్టుందే.


రాత్రిబండి (గోపాలపట్నం)

వార్డు సిస్టర్ గారూ, మీరు చెప్పింది నిజమైంది.

రాత్రి డ్యూటీ లేదు. అక్క మేడ మీద బట్టలు తీస్తోంది, నేను వెళ్ళి కూర్చున్నాను. ఏం అడగలేదు. కాసేపాగి తనే చెప్పింది. రెండేళ్ళ కింద గిరిప్రదక్షిణ చేసింది అన్నాను కదా, పూర్తిచెయ్యలేదట. మాకెవ్వరికీ తెలీదు. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరింది, హనుమంతవాక, అప్పుఘర్ అన్నీ దాటింది. తెల్లవారుజామున మాధవధార దగ్గర ఉండగా బావ ఫోన్ చేశాడు, బాబుకి నూటమూడు జ్వరం, వార్డులో చేర్చమంటున్నారు అని. అక్క అక్కడే ఆటో ఎక్కేసింది. 32 కిలోమీటర్లలో ఇంకొంచెమే మిగిలింది. తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ మిగిలింది నడుద్దాం అనుకుందట, కుదరలేదు. తిరగబెట్టింది అని డాక్టరు చెప్పినప్పుడు తనకి మొదట గుర్తొచ్చింది ఆ ఆటోయేనట.

"నాను దిగిపోకుండా ఉంటే వాడు ఉండేవోడేమో" అంది. ఏడాదిన్నరగా ఇది మోస్తోంది. మేమేమో దేవుడి మీద కోపం అనుకుంటున్నాం.

నాకేం మాట్లాడాలో తెలీలేదు. బట్టలు మడతపెట్టాను.


వార్డు_సిస్టర్

ఇది అక్కకి యథాతథంగా చదివి వినిపించండి.

అమ్మా, కీమో నడుస్తున్న పిల్లలకి తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు, ఎమర్జెన్సీ. గంటలోపు యాంటీబయాటిక్ పడాలని మేం పరుగులు పెడతాం. ఆలస్యమైతే పిల్లలు గంటల్లో షాక్‌లోకి వెళ్ళిపోతారు, నేను చూశాను. వార్డులో తల్లి లేకపోతే పిల్లాడు సూది గుచ్చనివ్వడు, నీళ్ళు తాగడు. మీరు ఆటో ఎక్కడమే ఆ రాత్రి చెయ్యాల్సిన పని. జబ్బు తిరగబెట్టడం వేరే సంగతి. మందుకి లొంగని కణాలు ఎముక మూలుగలో ముందునుంచే దాక్కుని ఉంటాయి. మీరు మొత్తం 32 కిలోమీటర్లు మోకాళ్ళ మీద నడిచినా అవి అక్కడే ఉంటాయి.


కొండగుడి (అడవివరం)

నాదీ ఒక మాట కలపండి. గీత రెండో అధ్యాయం, 40వ శ్లోకం. "నేహాభిక్రమనాశోఽస్తి ప్రత్యవాయో న విద్యతే." మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినా చేసినంత వ్యర్థం కాదు, పూర్తికాలేదన్న దోషమూ లేదు. ఇది మొన్నటి సూత్రంలాంటిది కాదు, అర్జునుడు కూలబడి ఉన్నప్పుడు చెప్పిన మాట. సగంలో బిడ్డ కోసం ఆటో ఎక్కిన తల్లి మీద స్వామి పగబట్టాడని ఎవరైనా అంటే, వాళ్ళకి స్వామి తెలీదు, తల్లీ తెలీదు. అడవివరంలో మా ఇంటికి పంపండి, నేను మాట్లాడతాను.


హేతువు (అక్కయ్యపాలెం)

శ్లోకాలు నేను నమ్మను. ఈ శ్లోకం మాత్రం అక్కకి చెప్పండి.


పాత_స్టీల్ (కూర్మన్నపాలెం)

ప్రదక్షిణ రోజున గోపాలపట్నంలో మీ ఇంటి ముందు నుంచే కదా జనం వెళ్ళేది. నడవకపోతే మానేయండి, మజ్జిగ పొయ్యండి. మా యూనియన్‌వాళ్ళం ఏటా పోస్తాం. పెద్ద డ్రమ్ములు రెండు ఉన్నాయి, కావాలంటే ఆటోలో వేసి పంపుతాను. అల్లం మాత్రం మీరే దంచుకోవాలి.


రాత్రిబండి (గోపాలపట్నం)

ఆలస్యంగా రాస్తున్నాను, పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులైంది.

సిస్టర్ గారి మెసేజ్ అక్కకి చదివాను. రెండోసారి ఫోన్ తీసుకుని తనే చదువుకుంది. మాస్టారి శ్లోకం అమ్మ చేత చదివించుకుంది, అమ్మకి చదువు రాదు కాబట్టి నేను చెబితే అమ్మ తప్పులతో పలికింది. ఏం అనలేదు. గిరిప్రదక్షిణకి వస్తానని గానీ రానని గానీ అనలేదు.

స్టీల్ గారి డ్రమ్ములు వచ్చాయి. సాయంత్రం నుంచి రోడ్డు పక్కన టేబుల్ వేశాం. అమ్మ, నేను, పక్కింటి కుర్రాళ్ళు. అక్క తొమ్మిదింటికి వచ్చి "ఉప్పు తక్కువేసీరు" అని తను కలపడం మొదలుపెట్టింది. రాత్రంతా జనమే జనం. చెప్పుల్లేకుండా, చంటిపిల్లల్ని భుజాన వేసుకుని, కొందరు భజన చేసుకుంటూ, కొందరు రీల్స్ చేసుకుంటూ. కరివేపాకు రెండుసార్లు అయిపోయింది.

మూడు దాటాక ఒకావిడ వచ్చి మా బెంచీ మీద కూలబడింది. నలభై ఉంటాయేమో. పాదాలు బొబ్బలెక్కి పగిలిపోయాయి. ఎవరికోసం మొక్కో నేను అడగలేదు. "ఇంకెంత దూరమమ్మా" అంది. ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉంటుందని చెప్పాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అక్క గరిట కింద పెట్టి ఆవిడ పక్కన కూర్చుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి పాదాల మీద పోసింది. తర్వాత అంది, "ఆటో ఎక్కీయమ్మా. ఏటీ అవదు. నాను చెప్తన్నాను కదా, ఏటీ అవదు."

ఆవిడ ఎక్కలేదు. రెండు గ్లాసులు మజ్జిగ తాగి, కొంగు బిగించుకుని లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, తర్వాత గోడ వదిలేసి జనంలో కలిసిపోయింది. అక్క కాసేపు అటే చూసి, గ్లాసులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

స్టీల్ గారూ, ఒక డ్రమ్ము మూత దొరకలేదు. కొత్తది కొనిస్తాను.


పాత_స్టీల్ (కూర్మన్నపాలెం)

మూత ఎప్పుడో పోయింది తమ్ముడూ, పళ్ళెం పెట్టి వాడుతున్నాం. డ్రమ్ములు తొందరేం లేదు.